నోరు పెరిగింది, ఖర్చు తగ్గింది

ఈ మధ్య మా క్రైస్తవులకి ఊరికే మనోభావాలు దెబ్బతింటున్నాయి. సినిమాలో పాస్టరు పాత్రని వెక్కిరిస్తే దెబ్బ. ఎవడో యూట్యూబులో బైబిలు మీద నోరు పారేసుకుంటే దెబ్బ. దెబ్బ తగిలిన మర్నాడు కలెక్టరాఫీసు ముందు చేరటం, అర్జీ ఇవ్వటం, ఇచ్చేటప్పుడు అందరి మొహాలూ పడేలా ఫోటో దిగటం, సాయంత్రం ప్రార్థన వేళకల్లా ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి రావటం. ఫోటో కింద వరసగా ఆమెన్‌లు. అంతటితో ఉద్యమం సమాప్తం.

నేను ఒంగోలు పక్క బాప్టిస్టు ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎనభై దగ్గరకొచ్చాను. ముసలాళ్ళకి సణుగుడు తప్ప పనేముంది అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. నా గోలంతా ఒక్కటే. మా రోజుల్లో, అంతకుముందు మా పెద్దల రోజుల్లో, క్రైస్తవుడు పదిమందిలో నిలబడి ఇది తప్పు, ఇది ఒప్పు అన్నాడంటే దానికో ఖర్చుండేది. ఆ ఖర్చు అన్నవాడే పెట్టుకునేవాడు. ఇప్పుడు ఎవరికీ పైసా ఖర్చు లేని కోపాలొచ్చాయి.

ముత్తాతల నాటి సంగతి చెబుతాను. మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. ఆయన దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాదిగలకి పెట్టిన కట్టుబాట్లు మూడే: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. చదవటానికి తేలిగ్గానే ఉంది. పల్లెలో బతికి చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఊళ్ళో జాతరకి డప్పు కొట్టాల్సింది మాదిగ, చచ్చిన పశువుని లాగాల్సింది మాదిగ, పిలిచినప్పుడల్లా వెట్టికి పోవాల్సింది మాదిగ. ‘ఆదివారం రానండీ, జాతరకి డప్పు కొట్టనండీ’ అన్న మనిషి మాట్లాడింది మతం గురించి మాత్రమేనా? ఊరి పునాది మీదే గునపం వేశాడు. కరణానికీ మునసబుకీ అది వెంటనే అర్థమైంది. పని ఇవ్వటం మానేశారు, దారులు మూసేశారు, నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. అయినా మావాళ్ళు డప్పు ముట్టుకోలేదు. వాళ్ళలో చాలామందికి అక్షరం ముక్క రాదు. సంస్కృతి, గుర్తింపు, హక్కు అన్న మాటలు వాళ్ళెప్పుడూ విననైనా వినలేదు.

ఆ తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పని ఇచ్చారు. పని చేస్తూ పక్కనే వాక్యం విన్నవాళ్ళు మాకు బాప్తిస్మం ఇవ్వమని గుంపులు గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం కలిశారని రేపు ఎవరూ అనకూడదని, కరువు సాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశారు. సాయం అయిపోయాక, ఇంక మీకు ఇచ్చేదేమీ లేదు పొమ్మన్నాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఈ అంకె మా సండే స్కూల్లో బట్టీ పట్టించేవాళ్ళు. ఇప్పటి పిల్లలకి కూడా పట్టిస్తున్నారు. ఆ ముందు ఏడాది పైగా చెయ్యి ముడుచుకుని కూర్చున్న సంగతి మాత్రం చెప్పరు. నాకు ఆ 2,222 కన్నా అదే పెద్ద సంగతి.

అలాంటి సంఘంలో పుట్టి, ఇప్పుడు క్రిస్మస్‌కి బియ్యం సంచులు పంచుతూ, సంచి మీద దైవజనుడి ఫోటో ముద్రించుకుంటున్నాం. పుచ్చుకునే ముసలమ్మని కెమెరా వైపు తిరగమంటున్నాం. ఎదుటివాళ్ళు ‘బియ్యం క్రైస్తవులు’ అని ఎగతాళి చేస్తే మళ్ళీ మనోభావాలు!

సర్కారు సంగతి సరేసరి. చంద్రన్న క్రిస్మస్ కానుక పుచ్చుకున్నాం. యెరూషలేము యాత్రకి సబ్సిడీ పుచ్చుకున్నాం. 2021 నుంచి పాస్టర్లకి నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం వచ్చింది. అర్చకులకి, ఇమాములకి ఇస్తున్నప్పుడు మాకెందుకు ఇవ్వరన్నది వాదన. వాదన తప్పని అనను. పల్లెటూరి పాస్టరు పేదవాడు, ఆయనింట్లోనూ పొయ్యి వెలగాలి. కానీ నెల నెలా సర్కారు జీతం పుచ్చుకున్న నోరు ఇసుక గురించి, సారా గురించి, పోలీసు స్టేషన్లో దెబ్బలు తిన్నవాడి గురించి పుల్పిట్ ఎక్కి గట్టిగా మాట్లాడుతుందా? ఈ పార్టీ, ఆ పార్టీ అన్న తేడా నాకు లేదు. అందరి క్రిస్మస్ కేకులూ ఒకే తీపి.

సారా అంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు తాగి సంఘంలోకి వచ్చినవాడికి ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చేవాళ్ళు కాదు. రొట్టె పళ్ళెం అతని ముందు ఆగకుండా వెళ్ళిపోయేది. పక్కన కూర్చున్న పెళ్ళాం తల వంచుకునేది. అది కొంచెం క్రూరమే, ఒప్పుకుంటాను. అయినా ఆ సంఘానికి తాగుడు మీద ఒక మాట ఉందని ఊరందరికీ తెలుసు. ఇప్పుడు సెమీ క్రిస్మస్‌కి ముఖ్య అతిథిగా పిలిచేదే నాలుగు వైన్ షాపుల యజమానిని. శాలువా కప్పి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నారు. ఆయన వ్యాపారం దినదినాభివృద్ధి చెందాలని కాబోలు.

ఇక ప్రసాదం గొడవకి వస్తాను. ఇది మా ఇళ్ళలో పుట్టి పెరిగిన గొడవ, తీరిగ్గా చెప్పుకోవాల్సింది.

మా అమ్మ హయాంలో మేమున్న వీధిలో ఒక బ్రాహ్మణ కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఇల్లాలికి మా అమ్మ మొదటి వినాయక చవితికే చెప్పేసింది: “అమ్మగారూ, పూజలో పెట్టినవి మేం తినమండీ. మీరు మరోలా అనుకోవద్దు.” ఆవిడ మరోలా అనుకోలేదు. మరుసటి ఏడు నుంచి ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టకముందే విడిగా ఒక గిన్నెలో తీసి, “ఇవి మీ పిల్లలకే, దేవుడికి చూపించలేదు లేవే” అని గోడ మీదుగా అందించేది. క్రిస్మస్‌కి మా ఇంట్లో అరిసెలు వండేవాళ్ళు. అవి వాళ్ళు తినరు. ఎందుకు తినరో వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మ ఒక అరటి అత్తం పంపించేది, పళ్ళకి అంటు లేదు గనక. చూశారా, ఇటు నుంచి మా విశ్వాసం, అటు నుంచి వాళ్ళ మడి, రెండూ గట్టిగానే ఉన్నాయి. వాళ్ళ మడి వెనక ఉన్నది కులమని మా అమ్మకి తెలుసు. తెలిసీ అరటిపళ్ళు పంపింది. అదంతా సామరస్యం అని ఇప్పటివాళ్ళు పొంగిపోతే నాకు ఒళ్ళు మండుతుంది, అందులో మింగిన అవమానం ఎంతో నేను చూశాను గనక. కానీ నేను తినను అని చెప్పటానికి ఎదుటివాళ్ళ దేవుణ్ణి తిట్టాల్సిన అవసరం మా అమ్మకి ఏనాడూ కలగలేదు.

ఇదే సంగతి అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రెండు వేల ఏళ్ళ కిందట ఎంతో ఓపిగ్గా రాశాడు. బజారులో అమ్మే మాంసం ఎక్కడిదని ఆరా తియ్యకుండా తినమన్నాడు. అన్యుడు భోజనానికి పిలిస్తే వెళ్ళి, పెట్టింది తినమన్నాడు. ఇది బలి ఇచ్చినదని ఎవరైనా చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానెయ్యమన్నాడు. బలహీనుడైన సోదరుడికి అడ్డం అయ్యేటట్టయితే తాను ఆ మాంసమే మానుకుంటానన్నాడు. మొత్తం మీద ఆయన చూసింది పక్కన కూర్చున్నవాడు ఏమవుతాడన్నదే. ఇప్పుడేం జరుగుతోందంటే, ‘ప్రసాదం తింటే నరకమేనా?’ అని ఎర్రక్షరాలతో ఒక వీడియో. దానికి జవాబుగా అవతలివాళ్ళ వీడియో. దానికి మళ్ళీ ఛాలెంజు, డిబేట్. మావాడు వాళ్ళ పురాణాల్లోంచి ఏరుకొచ్చిన బూతు చదువుతాడు, వాళ్ళవాడు మా పాత నిబంధనలోంచి ఏరుకొచ్చింది చదువుతాడు. ఎదుటివాళ్ళేం తక్కువ తినలేదు, ఆ మాట కూడా చెప్పాలి. చూసేవాళ్ళు లక్షల్లో. దాని ఫలితం ఎవరు అనుభవిస్తున్నారు? డిబేట్ చేసిన బ్రదర్ ఏసీ స్టూడియోలోంచి కారెక్కి ఇంటికి వెళ్ళాడు. పల్లెలో పదిళ్ళ సంఘాన్ని పెట్టుకుని సైకిలు మీద తిరిగే పాస్టరు తలుపు మీద రాయి పడింది.

మా మనవడు నాకు ఈ వీడియోలు చూపించి, “తాతయ్యా, మనవాడు ఎలా కడిగేశాడో చూడు” అంటాడు. కడిగింది ఏమిట్రా, ఎవరి ఇంటి ముందు బురద చేశాడో చూడు అంటే వాడికి కోపం.

2025 మార్చిలో రాజమండ్రి దగ్గర ఒక ప్రచారకుడు రోడ్డు పక్కన చనిపోయి కనిపించినప్పుడు చూశాను కదా. పోస్టుమార్టం రిపోర్టు రాకముందే ఫోన్ ఉన్న ప్రతివాడూ తీర్పు చెప్పేశాడు, ఇటువాళ్ళూ అటువాళ్ళూ కూడా. చనిపోయిన మనిషికి భార్యాపిల్లలున్నారని ఎవరికీ పట్టలేదు. పాతకాలంలో మా సంఘంలో చావు జరిగితే మొదట చేసే పని ఆ ఇంటికి కావిడితో నీళ్ళు పంపటం, రెండోది అన్నం వండి పంపటం. మాటలు ఆ తర్వాత.

సినిమాల గొడవ. 1978లో ‘కరుణామయుడు’ వచ్చింది. విజయచందర్ క్రీస్తు వేషం వేశాడు. తెర కట్టి ఆ సినిమా చూపించని పల్లె మా వైపు లేదంటే అబద్ధం కాదు. అప్పట్లో కూడా గొణిగినవాళ్ళున్నారు మా సంఘంలో, ప్రభువు వేషం మనిషి వేయటమేమిటని, సినిమాకే వెళ్ళకూడదు కదా అని. గొణిగినవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు, మిగతావాళ్ళు వెళ్ళి ఏడ్చి వచ్చారు. అంతే. 2006లో ‘ద డావిన్చి కోడ్’ వచ్చింది. ఆ పుస్తకం చదివినవాళ్ళు మా సంఘంలో ఒక్కరూ లేరు, సినిమా చూసినవాళ్ళు అసలే లేరు. అయినా ఊరేగింపులు. సెన్సారు వాళ్ళు పెద్దలకి మాత్రమే అని సర్టిఫికెట్ ఇచ్చి, ఇది కల్పిత కథ అని తెర మీద వెయ్యమన్నా చాల్లేదు. మన రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మంచి పని చేసింది. ఒక అమెరికా నవల దెబ్బకి పడిపోయే విశ్వాసమైతే కరువు దాటి గుండ్లకమ్మ దాకా నడిచేదా? పైగా మనం ఒక సినిమాని ఆపించగలిగిన రోజున మన పుస్తకాన్ని, మన కూటాన్ని ఆపించే దారి కూడా మనమే వేసి పెట్టినట్టు. ఈ మాట అప్పుడే సంఘంలో అన్నాను. నన్ను రెండు నెలలు వాక్యం చదవటానికి పిలవలేదు.

ఇక్కడ మా రోజుల్ని కూడా కాస్త కడగాలి, లేకపోతే నా మనవడు నన్ను వదలడు. వినుకొండలో పుట్టిన కవి జాషువాని ఏం చేశారు మావాళ్ళు? క్రైస్తవుడై ఉండి పురాణ కథలు పద్యాల్లో రాస్తాడా అని వెలివేశారు. అటు సవర్ణులు అంటరానివాడన్నారు, ఇటు మావాళ్ళు అన్యుడన్నారు. అంత గొప్ప నోరు మన ఇంట్లో పుడితే దాన్ని మూయించటానికి చూసిన ఘనత మాది. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది ‘క్రీస్తు చరిత్ర’కే. బహుమతి వచ్చాక మా జాషువా, మా క్రైస్తవ కవి! ఇప్పుడు ప్రతి సెప్టెంబరు 28కి దండలు వేసేవాళ్ళలో, అప్పట్లో ఆయన్ని వెలేసినవాళ్ళ మనవలు కూడా ఉండే ఉంటారు.

ఆడవాళ్ళ విషయంలోనూ మా రోజులు మెచ్చుకోదగ్గవి కావు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ మగాడికి భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు, విడాకులు. భార్యకైతే వ్యభిచారం ఒక్కటీ చాలదు, దానితో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవటమో ఇంకోటి కూడా రుజువు చెయ్యాలి. ఆ చట్టం 2001 దాకా అలాగే నడిచింది. తన్నులు తిన్న ఆడపిల్ల సంఘ పెద్దల దగ్గరికి వస్తే ‘సహించుకో అమ్మా, ప్రార్థన చెయ్యి’ అని పంపించేసిన పెద్దల్లో మా నాన్న ఉన్నాడు. ఈ ఒక్క చోట ఇప్పటివాళ్ళు మాకన్నా నయం. 2013లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) వాళ్ళు నంద్యాలలో పుష్పలలితగారిని బిషప్‌ని చేశారు, ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్. మా కాలంలో ఎండలో పల్లెపల్లె నడిచిన బైబిలు స్త్రీలకి పుల్పిట్ మెట్టు కూడా ఎక్కనిచ్చేవాళ్ళం కాదు.

అన్నిటికన్నా నా గొంతులో ముల్లులా ఉన్నది కులం.

కారంచేడులో 1985 జులై 17న మాదిగల్ని చంపినప్పుడు ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చుండూరులో 1991 ఆగస్టు 6న మాలల్ని చంపినప్పుడు మిగిలినవాళ్ళు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణకి చేరారు. అదీ మనం జోక్యం చేసుకోవాల్సిన తీరు. గేటు తెరవటం, పొయ్యి రాజెయ్యటం, చాపలు పరచటం. గేటు తెరిస్తే ఊళ్ళో పెద్దలతో పేచీ వస్తుందని తెలిసే తెరిచారు. నా జీవితంలో సంఘాన్ని చూసి తలెత్తుకున్న రోజులేవీ అంటే అవే.

ఇప్పుడు దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని సభలు జరుగుతున్నాయి. న్యాయమైన కోరికే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువులకి మాత్రమే అన్నారు, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మనం బయటే ఉండిపోయాం. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ పడేశారు. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది, 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2025లో హైకోర్టు, క్రైస్తవుడైనవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పింది. బాప్తిస్మంతో కులం పోతుందని కోర్టు అంటుంది. పోలేదు మొర్రో అని మనం అంటున్నాం. నిజమే, పోలేదు. ఎవరికన్నా మనకే బాగా తెలుసు. ఒకే ఊళ్ళో, ఒకే మిషన్ వాళ్ళు కట్టించినవి, మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి. కాపరిని మార్చాలంటే మొదట అడిగేది ఏ పల్లె మనిషని. అగ్రకులాల నుంచి వచ్చిన విశ్వాసుల సంగతి వేరే చెప్పాలా? పెళ్ళి సంబంధాల ప్రకటనలు చూడండి: ‘రక్షణ పొందిన, ప్రార్థనాపరురాలైన’ అని మొదలెట్టి, ఆ వెంటనే కులం పేరు. ఆ కులం తర్వాత కట్నం సంగతి ఫోన్లో మాట్లాడుకుంటారు.

సభలో మైకు పట్టుకుని ‘కులం మమ్మల్ని చర్చిలోకి కూడా వెంటాడింది’ అని ఏడుస్తాం. వెంటాడుతున్నది ఎవరు? మనమే కదా. ఆ సంగతి మీద మాత్రం ఊరేగింపులు ఉండవు, ఉపవాస కూటాలు ఉండవు, డిబేట్లు అసలే ఉండవు. ఎందుకంటే అక్కడ ఖర్చు మన జేబులోంచి పోతుంది, మన పిల్ల పెళ్ళిలోంచి పోతుంది.

నాయనా, మీరు వీధుల్లోకి వెళ్ళొద్దని నేను అనటం లేదు. హోదా కోసం కొట్లాడండి, ఆ ఉత్తర్వు మారేదాకా వదలొద్దు. అందాకా ఒక పని చెయ్యండి. వచ్చే నెల మొదటి ఆదివారం సంస్కారం నాడు, అవతలి పల్లె సంఘాన్ని మీ సంఘానికి పిలవండి. వాళ్ళ కాపరి చేతే రొట్టె విరిపించండి. ఆ పైనెల మీరు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఆరాధన అయ్యాక కలిసి భోంచేసి, మీ పిల్లల సంబంధాల మాట కూడా అక్కడే ఎత్తండి. దీనికి కమిషన్ రిపోర్టు రావాల్సిన పని లేదు, ఏ కోర్టూ అడ్డం లేదు.